సున్నం వేయించింది, బెల్లం పోయించింది: మా పీహెచ్ మీటరుతో 19 రోజులు

మాది భీమవరం దగ్గర, మొగల్తూరు వైపు. ఎకరంన్నర చెరువులు రెండు, వనామీ రకం రొయ్య వేస్తాం. చెరువు పని మా ఆయనది, లెక్కల పుస్తకం, నీళ్ళ పరీక్షలు నావి. బీయస్సీలో కెమిస్ట్రీ చదివాను కాబట్టి ఆ పని నా మీద పడింది. ఈ ఏప్రిల్ 2 నుంచి 21 దాకా మా ఇంట్లో ఏం జరిగిందో తేదీలతో సహా రాసి పెడుతున్నాను. చేతిలో మీటరు పెట్టుకుని చెరువు గట్టు మీద తిరిగేవాళ్ళకి పనికొస్తుందని.

ఫిబ్రవరి 14న సీడ్ (రొయ్య పిల్లలు) వేశాం. 47వ రోజున, అంటే ఏప్రిల్ 2న, రెండో చెరువు చెక్ ట్రేలో (రొయ్య మేత తింటోందో లేదో చూడడానికి నీళ్ళలో దించే పళ్ళెం) మేత మిగిలింది. పెద్దగా ఏం కాదు, గుప్పెడు. మర్నాడు ఇంకొంచెం మిగిలింది. రొయ్య మేత మానేసిందంటే ఇంట్లో చంటిబిడ్డ పాలు మానేసినట్టే, ఆ రోజు ఎవరికీ అన్నం సయించదు. వెంటనే పుస్తకం తీసి చూశాను. పీహెచ్ అంటే నీళ్ళు ఆమ్లం వైపున్నాయా, క్షారం వైపున్నాయా చెప్పే అంకె, ఏడు మధ్యస్థం. పొద్దున్న పీహెచ్ 7.5, మధ్యాహ్నం 8కి కాస్త తక్కువ. ఉప్పు 10 పీపీటీ, అంటే వెయ్యి పాళ్ళలో పది. నెల రోజులుగా ఇంచుమించు ఇవే అంకెలు.

నిజం చెప్పాలంటే ఆ అంకెలు చూసుకుని అప్పటిదాకా మురిసిపోతూ ఉన్నాను. పొద్దుటికీ మధ్యాహ్నానికీ పీహెచ్ తేడా అరకి మించకూడదని అందరూ చెబుతారు కదా. మా చెరువులో అర దాటలేదు. నీళ్ళు ఆకుపచ్చగా చిక్కబడుతున్నాయి, పక్క చెరువుల వాళ్ళు ఒకటి తేడా వస్తోందని గోల పెడుతున్నారు, మాది మాత్రం నిలకడగా ఉంది. "మీ ఆవిడ చేయి మంచిది" అని ఎవరో అంటే మా ఆయన ఇంటికొచ్చి చెప్పారు కూడా. ఎండ కాసినప్పుడు పాచి కార్బన్ డై ఆక్సైడ్ పీల్చుకుని పీహెచ్ పెంచుతుంది. పాచితో అంత చిక్కబడ్డ నీళ్ళలో పీహెచ్ అంతంత మాత్రం పెరగడమేమిటని అనుమానం రావాల్సింది నాకే. రాలేదు.

పొద్దుటి 7.5 తక్కువనిపించింది. దాన్ని పెంచడానికి ఏప్రిల్ 2, 3, 4 మూడు రాత్రులూ ఎకరానికి 10 కిలోల చొప్పున సున్నం నీళ్ళు చల్లించాం. 5వ తేదీ పొద్దున్నకి మేత సగం ట్రేలోనే ఉంది.

మావయ్యగారు గట్టు మీద చుట్ట కాలుస్తూ, "అమ్మాయ్, నీళ్ళు వేళ్ళ మధ్య జారుతున్నాయి, సబ్బు నీళ్ళలా. ఇందులో ఇంకా సున్నమేంటి?" అన్నారు. ఆయన ఏ నీళ్ళనైనా వేళ్ళతో పట్టి చూసి, నాలిక మీద వేసుకుని తీర్పు చెప్పేస్తారు. నేను మీటరు చూపించాను. 7.52. ఆయన ఆ అంకె చూసి ఏమీ అనలేదు. డిజిటల్ అంకె ముందు పెద్దాయన నోరు మూతపడింది. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ రోజు మధ్యాహ్నమే నీళ్ళ సీసా పట్టుకుని భీమవరంలో ఒక ల్యాబ్‌కి వెళ్ళాం. పరీక్షకి 300. ముప్పావు గంట కూర్చోబెట్టి కాగితం ఇచ్చారు. పీహెచ్ 8.6. మొత్తం అమోనియా 0.8 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 0.8).

నేను ఒప్పుకోలేదు. "మాకు బయల్దేరే ముందు 7.9 వచ్చిందండి, దారిలో సీసాలో మారిపోయి ఉంటుంది" అన్నాను. దారిలో పీహెచ్ మారే మాట నిజమే. సీసాలో గాలి మిగిల్చినా, ఎండలో పెట్టినా మారుతుంది, అందుకే మూతదాకా నింపి నీడన తేవాలి. కానీ దారిలో మారితే సాధారణంగా తగ్గుతుంది, పాచి, బ్యాక్టీరియా సీసా చీకట్లో శ్వాసిస్తూ కార్బన్ డై ఆక్సైడ్ వదులుతాయి కాబట్టి. ఇంత పెరగడానికి కారణం లేదు. ఇది అక్కడి కుర్రాడు చాలా మర్యాదగా చెప్పి, "మీ మీటరు తెచ్చారా మేడం? క్యాలిబ్రేషన్ ఎప్పుడు చేశారు?" అని అడిగాడు.

"ప్రతి ఆదివారం. ఏడు బఫర్‌లో." బఫర్ అంటే పీహెచ్ ఎంతో ముందే తెలిసిన ద్రావణం, మీటరుని దాంతో సరిచూస్తాం.

"నాలుగులోనో పదిలోనో?"

"చెయ్యలేదు. ఏడులో సరిగ్గా చూపిస్తోంది కదా."

అతను ఇంకేం మాట్లాడకుండా మా ప్రోబ్‌ని, అంటే మీటరుకి ఉండే, నీళ్ళలో ముంచే గాజు బుడగ కడ్డీని కడిగి, నాలుగు బఫర్ ఉన్న గ్లాసులో పెట్టాడు. అంకె కదిలి కదిలి 5.4 దగ్గర ఆగింది.

నాలుగు ఉండాల్సిన చోట 5.4. నా చెవులు వేడెక్కాయి. మా ఆయన అటు తిరిగి గోడ మీద క్యాలెండర్ చూస్తున్నారు.

అప్పుడు అతను మీటరు మీద ఒక బటన్ నొక్కాడు. రెండేళ్ళుగా నా చేతిలో ఉన్న మీటరే, ఆ బటన్ ఎందుకో నాకు తెలీదు. పీహెచ్ పోయి మిల్లీవోల్టులు వచ్చాయి. ఏడు బఫర్‌లో మైనస్ 12, నాలుగు బఫర్‌లో ప్లస్ 85. తేడా 97. గాజు బుడగ మంచిదైతే ఏడు దగ్గర ఇంచుమించు సున్నా ఉండాలి, అక్కణ్ణుంచి పీహెచ్ ఒక్క మెట్టు దిగినా ఎక్కినా 25 డిగ్రీల దగ్గర 59 మిల్లీవోల్టులు, 30 డిగ్రీల దగ్గర 60 కదలాలి. అంటే ఆ రెండు బఫర్ల మధ్య మాకు 178 దాకా రావాలి. 97 వచ్చింది. "స్లోప్ 54 శాతం మేడం. 90కి పైన ఉంటేనే వాడతాం."

చదువుకున్నదంతా అప్పుడు గుర్తొచ్చింది. ఎలక్ట్రోడ్ సగం చచ్చినా ఏడు దగ్గర మాత్రం నిజమే చెబుతుంది, ఎందుకంటే అక్కడ చెప్పాల్సిందే సున్నా. ఏడు నుంచి దూరం వెళ్ళేకొద్దీ అబద్ధం పెరుగుతుంది. ప్రతి ఆదివారం నేను దాన్ని సరిగ్గా అది తప్పు చెప్పలేని చోట పరీక్ష పెట్టి, పాసయ్యిందని సంతోషిస్తున్నాను. చెరువులో పొద్దున్న 7.9 ఉంటే నాకు 7.5 కనబడింది, మధ్యాహ్నం 8.8 ఉంటే 8 కనబడింది. 0.9 తేడా సగానికి కుంచించుకుపోయి నాకు 'నిలకడ'గా కనబడింది.

ఇంకో లెక్క అక్కడే వేసి చూపించాడు. మొత్తం అమోనియా అంతే ఉన్నా, 30 డిగ్రీల వేడిలో పీహెచ్ 7.9 అయితే అందులో విషంగా పనిచేసే భాగం 6 శాతం దాకా, 8.6 అయితే 24 శాతం దాకా. నాలుగు రెట్లు. దాని మీద నేను మూడు రాత్రులు సున్నం చల్లించాను.

తిరిగొచ్చేటప్పుడు బండి మీద మా ఆయన ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేదనిపించింది.

ప్రోబ్ ఎందుకు చచ్చిందో కనిపెట్టడానికి ఎక్కువసేపు పట్టలేదు. కిందటి పంట డిసెంబర్ చివర్లో అయిపోయాక మీటరు అటక మీద పెట్టాం. మూతలో ఉండాల్సిన ఉప్పు ద్రావణం, పొటాషియం క్లోరైడ్, అప్పటికే ఎండిపోయింది. ఫిబ్రవరిలో తీసినప్పుడు గాజు బుడగ పొడిగా ఉంది. ఇంట్లో ఆ ద్రావణం లేదు. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ ఉంది. అంతకంటే శుభ్రమైనది ఏముంటుందని అదే మూతలో పోశాను. అప్పటినుంచీ రోజూ అదే. శుభ్రం కాదు కావాల్సింది, ఉప్పు. ప్రోబ్ లోపల ఉన్న ఉప్పుని ఆ నీళ్ళు కొద్ది కొద్దిగా లాగేస్తాయి. మా అత్తయ్యకి ఈ సంగతి చెబితే, "మాగాయ ముక్కని ఉప్పు లేకుండా మంచినీళ్ళలో ఊరేస్తే కుళ్ళదూ మరి?" అన్నారు. కెమిస్ట్రీ మేడం కంటే తేలిగ్గా చెప్పారు.

దానికి తోడు చెరువు దగ్గర ఉండే కుర్రాడు ప్రతిసారీ ప్రోబ్ మొనని తువ్వాలుతో గట్టిగా తుడిచేవాడు. తుడవకూడదు, గుడ్డ మెత్తగా అద్ది తడి పీల్చాలి. ఇదీ నేను చెప్పలేదు, అతని తప్పు కాదు.

5వ తేదీ సాయంత్రం నుంచి 7 దాకా దాన్ని బతికించే ప్రయత్నాలు. ముందు గిన్నెలు తోమే సబ్బు చుక్క కలిపిన గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు. బుడగ మీద కంటికి కనబడని జిగురు పొర ఉందేమో, వేలికి తగిలినట్టే అనిపించింది. తర్వాత ల్యాబ్ నుంచి ఓ చిన్న సీసాలో అడిగి తెచ్చుకున్న పలుచటి హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో పావుగంట. ఆ తర్వాత మూడు మోలార్ పొటాషియం క్లోరైడ్‌లో రాత్రంతా నానబెట్టాను. 280 రూపాయల సీసా, రెండేళ్ళకి సరిపోతుంది. ఆ 280 ఫిబ్రవరిలో పెట్టుంటే ఈ కథ లేదు.

6వ తేదీ పొద్దున్న స్లోప్ 71 శాతం. ఎగిరి గంతేశాను. 7వ తేదీ పొద్దున్నకి 66. దిగిపోతోంది. జ్వరం వచ్చినవాడికి మాత్ర వేస్తే గంట సేపు లేచి కూర్చున్నట్టే. వదిలేశాను.

కొత్త ప్రోబ్ హైదరాబాద్ డీలరు దగ్గర చెప్పాం. 4,200, కొరియర్ 240. ఫోన్‌లో అడిగిన మొదటి ప్రశ్న, "మీ మీటరు వెనక పిన్ ఫొటో పంపండి." ఒకే కంపెనీ మీటర్లలో కూడా రెండు మూడు రకాల పిన్నులుంటాయట, తప్పు పిన్ను వస్తే వెనక్కి తీసుకోరు. వాట్సాప్‌లో ఫొటో పెట్టాక గానీ డబ్బు తీసుకోలేదు. బఫర్ సీసాలు మూడు (4.01, 7.00, 10.01) కూడా అడిగాను, 1,350. "అవి స్టాకు లేవు, వెనక పంపుతాం" అన్నారు. ప్రోబ్ మాత్రం ఐదారు రోజులన్నారు, ఎనిమిది పట్టింది.

ఆ ఎనిమిది రోజులూ రంగు చుక్కల కిట్టుతో నెట్టుకొచ్చాం. దాంట్లో 8.2కీ 8.6కీ తేడా చూడాలంటే ఇద్దరు మనుషులూ ఒక తగాదా కావాలి. "ఇది నీలం", "కాదండీ, ఆకుపచ్చ కలిసింది". సున్నం ఆపేశాం, మేత సగం చేశాం, కొద్దిగా నీళ్ళు మార్చాం. రొయ్య మెల్లగా మేతకొచ్చింది.

ఏప్రిల్ 15 మధ్యాహ్నం ప్రోబ్ వచ్చింది. డబ్బా తీయగానే గుండె జారింది. మూత చుట్టూ తెల్లటి పొరలు, మొన దగ్గర ఉప్పు పెచ్చులు. వాడేసినది పంపారనుకున్నాను. డీలరుకి ఫోన్ చేస్తే నవ్వాడు. లోపలి ఉప్పు బయటికి ఊరి గట్టిపడుతుందట, కడిగితే పోతుందన్నాడు. పోయింది. గాజు బుడగలో గాలి బుడగ ఒకటి కనబడింది. దానికి పాత జ్వరం థర్మామీటరు విదిలించినట్టు కిందికి విదిలించాలి. మూడు విదిలింపులకి పైకి పోయింది. మొదటిసారి విదిలించేటప్పుడు నాలుగు వేల రెండొందలు చేతిలోంచి జారి గోడకి తగులుతున్నట్టే ఉంది.

బఫర్ సీసాలు రాలేదు కదా. ఆగలేకపోయాను. ఆ సాయంత్రమే భీమవరంలో ఒక కొట్లో పొడి ప్యాకెట్లు దొరికాయి, ఒక్కో ప్యాకెట్ 250 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కలపాలి. మూడు ప్యాకెట్ల మీదా మూడు అంకెలు: 4.00, 6.86, 9.18. ఇప్పుడు నేను తెలివి మీరిపోయాను, ఒక్క బిందువుతో సరిపెట్టను. 6.86లో పెట్టాను. మీటరు తనంతట తానే బఫర్ గుర్తుపట్టి, "7.00" అని చూపించి, సరే అంది. 6.86 అంటే సుమారుగా ఏడే కదా అనుకున్నాను. 4.00లో పెట్టాను, సరే అంది. 9.18లో పెడితే తప్పు అని చూపించింది. ప్యాకెట్ పాడై ఉంటుందని దాన్ని పారబోశాను. చివర్లో స్లోప్ 96 శాతం అని వచ్చింది.

96! పరీక్షలో కూడా నాకెప్పుడూ రాలేదు అన్ని మార్కులు.

16వ తేదీ మధ్యాహ్నం మొదటి చెరువులో 9.1. రెండో చెరువులో 9.0. కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. పాత ప్రోబ్ తక్కువ చూపించిందని తెలిసింది కాబట్టి, ఎంత ఎక్కువ కనబడితే అంత నిజమని నమ్మే మనఃస్థితిలో ఉన్నాను. మా ఆయనకి ఫోన్ చేశాను. పీహెచ్ దించడానికి మా వైపు అందరూ చేసేదే చేశాం, బెల్లం. నీళ్ళలో కరిగించి చల్లితే బ్యాక్టీరియా దాన్ని తిని పెరిగి, కార్బన్ డై ఆక్సైడ్ వదిలి పీహెచ్ దించుతుంది. చెరువుకి 40 కిలోలు. 16 సాయంత్రం ఒకసారి, 17 సాయంత్రం ఒకసారి. నిజానికి ఆ రోజు చెరువులో 8.9 ఉంది. అదీ ఎక్కువే, కాదనను. కానీ 8.9కి అయితే మేం ఒక రోజు ఆగి, ఇరవై కిలోలతో చూసేవాళ్ళం. తొమ్మిది దాటేసరికి బెదిరిపోయాం.

ఏప్రిల్ 18, తెల్లవారుజాము 3 గంటల 10 నిమిషాలు. చెరువు కుర్రాడి ఫోన్. "అక్కా, రొయ్య అంచుకొస్తోంది."

ఆ మాట అర్థం కానివాళ్ళకి చెప్పినా తెలీదు, అర్థమయ్యేవాళ్ళకి చెప్పక్కర్లేదు. మా ఆయన చొక్కా లేకుండానే బండి తీశారు. నేను వెనక టార్చి, డీఓ మీటరు (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ కొలిచేది) పట్టుకుని ఎక్కాను. గట్టు మీద టార్చి వేస్తే నీటి అంచున కళ్ళు, ఎర్రటి చిన్న చిన్న కళ్ళు, వరసగా. కరెంటు ఖర్చు కలిసొస్తుందని రాత్రి రెండు ఏరేటర్లు (నీళ్ళు చిలికి గాలి కలిపే యంత్రాలు) ఆపేసి ఉంచాం. ఎందుకంటే పదకొండు గంటలకి డీఓ మీటరు 5.2 చూపించింది. ఇప్పుడు గట్టు మీద నిలబడి పెడితే 3.9. మూడు తొమ్మిదికి రొయ్య ఊపిరాడక ఇలా అంచుకి రాదు. మరో పక్క నా కళ్ళ ముందు వస్తోంది.

ఆ క్షణంలో నాకు మీటరు మీద నమ్మకం మొత్తం పోయింది. "అంకె వదిలెయ్యండి, అన్నీ వెయ్యండి" అన్నాను. ఆరు ఏరేటర్లూ, మోటారూ, దానికి తోడు దగ్గరున్న ఆక్సిజన్ మాత్రలు. బెల్లం తిని పెరిగిన బ్యాక్టీరియా రాత్రంతా ఆక్సిజన్ తాగేసింది, అంతే. ఐదున్నరకి తూర్పు తెల్లబడింది. ఏడింటికి రొయ్య లోపలికి దిగింది. వలతో తీస్తే చచ్చినవి ముప్పై కిలోల దాకా ఉన్నాయి. నేను ఇంటికి రాకుండా గట్టు మీదే కూర్చుని ఏడ్చాను. మావయ్యగారు పక్కనే కూర్చుని చుట్ట ముట్టించారు గానీ కాల్చలేదు.

ఆ మధ్యాహ్నం మళ్ళీ ల్యాబ్ కుర్రాడి దగ్గరికి, ఈసారి రెండు మీటర్లూ పట్టుకుని. డీఓ మీటరుని నేను ప్రతి నాలుగు రోజులకీ గాలిలో పెట్టి 100 శాతానికి క్యాలిబ్రేట్ చేస్తాను. అతను ఒక గ్లాసు నీళ్ళలో సోడియం సల్ఫైట్ ఒక చెంచా కలిపాడు. ఆ పొడి నీళ్ళలో ఉన్న ఆక్సిజన్ మొత్తం లాగేస్తుంది, అంటే మీటరు సున్నా చూపించాలి. ఐదు నిమిషాలు ఆగాం. 1.9 దగ్గర కూర్చుంది. పది నిమిషాలకీ 1.9.

అంటే మళ్ళీ అదే మోసం. గాలి దగ్గర, పైన, నిజం. కిందికి దిగేకొద్దీ అబద్ధం. నాకు 3.9 కనబడిన ఆ రాత్రి చెరువులో రెండున్నర చిల్లర ఉండి ఉంటుంది. దానికి తోడు మీటరులో ఉప్పు అంకె సున్నా దగ్గరే ఉంది, ఎప్పుడూ మార్చలేదు. 30 డిగ్రీల దగ్గర మంచినీళ్ళు 7.6 దాకా ఆక్సిజన్ పట్టుకుంటాయి, 10 పీపీటీ ఉప్పునీళ్ళు 7.2 కూడా పట్టవు. అది చిన్న తేడానే గానీ, అదీ మనకి లేని ధైర్యం ఇచ్చే వైపే.

ప్రోబ్ మొన విప్పితే పలుచటి పొర ముడతలు పడి ఉంది, లోపలి ద్రావణం సగమే ఉంది, లోహం మొన నల్లబడింది. మీటరు కొన్నప్పుడు డబ్బాలోనే ఒక విడి మూత, చిన్న సీసాలో ద్రావణం, గరుకు కాగితం ముక్క ఇచ్చారు. రెండేళ్ళుగా డబ్బాలోనే ఉన్నాయి. మొన మెత్తగా రుద్ది, కొత్త మూతలో గాలి బుడగ లేకుండా అంచుదాకా ద్రావణం పోసి, కొద్దిగా పొంగేలా బిగించాలి. నాకు మూడోసారికి కుదిరింది. సల్ఫైట్ నీళ్ళలో 0.1. ఇంకో విడి మూత సెట్ 1,900 పెట్టి కొని ఉంచాను, సల్ఫైట్ పొడి 160.

పీహెచ్ ప్రోబ్‌కి ఆ రోజు అతను బాగుందనే చెప్పాడు, మిల్లీవోల్టులు చూసి. నిజమే, ప్రోబ్ బాగుంది. తప్పు ప్రోబ్‌ది కాదు, నాది. ఏప్రిల్ 20న బఫర్ సీసాలు వచ్చేదాకా అది బయటపడలేదు.

7.00 సీసాలోంచి కొంచెం గ్లాసులో పోసి, ఊరికే సరిచూద్దామని పెట్టాను. 7.11. మళ్ళీ కడిగి పెట్టాను. 7.11. ఐదు రోజుల క్రితమే 96 శాతం తెచ్చుకున్న ప్రోబ్! చెత్తబుట్టలో ఖాళీ ప్యాకెట్లు ఇంకా ఉన్నాయి. తీసి, అద్దాలు పెట్టుకుని చదివాను. 6.86 ప్యాకెట్ వెనక పట్టిక ఉంది, 25 డిగ్రీల దగ్గర 6.86, 30 దగ్గర 6.85. సుమారు ఏడు అని ఎక్కడా లేదు. అది వేరే ఫాస్ఫేట్ మిశ్రమం, వేరే ప్రమాణం. బఫర్లలో రెండు కుటుంబాలున్నాయి: 4.01, 7.00, 10.01 ఒకటి, 4.01, 6.86, 9.18 ఒకటి. మా మీటరు సెట్టింగుల్లో ఏది వాడుతున్నారని అడిగే చోటు ఉంది. అది మొదటిదాని మీద ఉంది, నేను పెట్టింది రెండోది. 6.86ని చూసి ఏడనుకుంది. 9.18ని మాత్రం పది అనుకోలేక, తప్పని చెప్పింది. ఆ మూడింట్లో నిజం చెప్పింది అదొక్కటే, దాన్నే పారబోశాను.

స్లోప్ 96 శాతం కూడా ఆ తప్పులోంచి పుట్టిందే. తప్పు కొలబద్దతో కొలిచినా లెక్క బాగానే కుదురుతుంది, అబద్ధం నేరుగా నిలబడుతుంది. మా చెరువు అంకెల దగ్గర అది 0.2 ఎక్కువ చూపించింది. పాత ప్రోబ్ తక్కువ చూపించి సున్నం వేయించింది, కొత్తది ఎక్కువ చూపించి బెల్లం పోయించింది.

21వ తేదీ పొద్దున్న ఆరింటికి, ఎండ రాకముందు, ఇంట్లోనే మొత్తం మళ్ళీ చేశాను. గట్టు మీద షెడ్డులో బఫర్ సీసాలు మధ్యాహ్నానికి కాలిపోతాయి. ఫ్రిజ్‌లో పెట్టి తెచ్చినా అంతే చిక్కు, పది బఫర్ 20 డిగ్రీల దగ్గర 10.06, 30 దగ్గర 9.97. చాలా మీటర్లు ఆ తేడా చూసుకుంటాయి గానీ, ప్రోబ్ ఒక వేడిలో, బఫర్ ఒక వేడిలో ఉంటే అంకె తొందరగా కుదరదు. ఒక్కో గ్లాసులో కొంచెం పోసుకుని, వాడినది పారబోశాను. ఇంతకు ముందు పొదుపని సీసాలోకి తిరిగి పోసేదాన్ని. అత్తయ్య చూస్తే చంపేసేవారు, తడి గరిటె ఆవకాయ జాడీలో పెట్టినట్టు. పది బఫర్ అయితే మూత తీసి ఉంచినా పాడే, గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్ పీల్చుకుని కిందికి దిగుతుంది. దాని సీసా మీద తెరిచిన తేదీ రాశాను.

ఏడులో మైనస్ 3. నాలుగులో ప్లస్ 172. పదిలో మైనస్ 179. స్లోప్ 98. మూడూ పుస్తకంలో పీహెచ్ పక్కనే మిల్లీవోల్టుల్లో రాశాను, ఆ గడి కొత్తగా గీసుకుని. మధ్యాహ్నం చెరువులో 8.7 వచ్చింది. ల్యాబ్‌కి ఇంకో 300 కట్టి అదే గంటలో చూపిస్తే 8.6. ఆ కాగితం ఇప్పటికీ మీటరు డబ్బాలో ఉంది.

ఖర్చు లెక్క వేసి చూస్తే, ప్రోబ్, కొరియర్, బఫర్లు, ఉప్పు ద్రావణం, డీఓ మూత, సల్ఫైట్, మూడు పరీక్షలు కలిపి 9,030. సున్నం, బెల్లం 2,600. ముప్పై కిలోల రొయ్య, పది రోజులు వెనకబడ్డ ఎదుగుదల ఇందులో లేవు. వాటికి అంకె వేయమని మా ఆయన అనలేదు, నేనూ వేయలేదు.

మీటరు ఇప్పుడు బీరువాలో ఉంటుంది. మూతలో ఉప్పు ద్రావణం ఉందా లేదా అని రోజూ చెరువు కుర్రాడు చూస్తాడు, నాకంటే వాడికే ఎక్కువ పట్టింపు. ఆదివారం క్యాలిబ్రేషన్‌కి మావయ్యగారు కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంటారు. ముందు ఆయన వేళ్ళు ముంచి చెప్పాలి, తర్వాతే నేను మీటరు పెట్టాలి. రెండు వారాలుగా ఆయన 0.2 తేడాలో చెబుతున్నారు.

మే 3న పని లేక, ఉప్పు చూసే రిఫ్రాక్టోమీటరు మీద డిస్టిల్డ్ వాటర్ చుక్క వేసి చూశాను. సున్నా ఉండాలి. గీత రెండు దగ్గర ఉంది. పైన ఉన్న చిన్న స్క్రూ తిప్పి సున్నాకి తెచ్చాను. పుస్తకంలో ఇన్నాళ్ళూ 10 అని రాసినచోటల్లా 8 అని దిద్దాలి. ఇంకా ఎవరికీ చెప్పలేదు.